లాల్‌దర్వాజాలో గన్నారెడ్డి

ఆషాఢమాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు తప్పవు. ఒకటి, గొడుగులు వెతకడం. రెండోది, లాల్‌దర్వాజా ప్రయాణం. అక్కడ మా మేనత్త ఉంది. పట్నంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి దగ్గర జోరందుకొని, లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడికి చేరేసరికి నెల చివరికొస్తుంది. ఆ ఆదివారం నేను వెళ్లకపోతే అత్తమ్మ బోనం ఎత్తదని కాదు గాని, ఏడాది పొడుగునా ఆ సంగతి ఎత్తుతుంది. అంచేత వెళ్లడమే సుఖం.

ఈసారి పిలుపుతోపాటు ఒక కొసరు కూడా వచ్చింది. మా బావ ఫోను చేసి, "ఒక రోజు ముందే రా. పిల్లకు జర బుద్ధి చెప్పాలె. కాలేజీల చదువు చెప్పేదానివి, నీ మాటైతే వింటది" అన్నాడు. పిల్ల అంటే బావ కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. నాకూ కూతురు వరుసే. చేసిన నేరమేమిటంటే, రాత్రి ఒంటిగంట దాకా దుప్పటి ముసుగులో ఫోను పెట్టుకుని ఇంగ్లీషు నవలలు చదువుతున్నదట. "అండ్ల హీరోలందరు తాగుబోతులు, జూదగాండ్లు, తిరుగుబోతులు. పైగా జమీందారు బిడ్డలట!" అన్నాడు బావ. ఆ చివరి సంగతి ఆయనకు మరీ బాధగా ఉన్నట్టు తోచింది.

శనివారం మధ్యాహ్నం చార్మినారు దగ్గర దిగి నడక సాగించాను. ఆ దారి నడిస్తేనే బాగుంటుంది. లాడ్‌బజారు గాజుల తళతళ ఒక పక్క, మక్కామసీదు పావురాలు ఇంకో పక్క. దాటి ముందుకు సాగితే షాలిబండ గడియారపు గోపురం, ఆ తరువాత వేపమండలు, పసుపు, కొత్త కుండలు అమ్మే బండ్లు. ఆ వాసన తగిలిందంటే లాల్‌దర్వాజా వచ్చిందన్నమాట. పాతబస్తీ చుట్టూ ఒకప్పుడు ఉన్న కోటగోడ ద్వారాలలో నేటికి నిలిచినవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా రెండే. తక్కినవి బస్తీల పేర్లయి బతుకుతున్నాయి. రాయి కంటే మాటకే ఆయుష్షు ఎక్కువని తెలుగు పాఠాలు చెప్పుకునే నాలాంటి వాళ్లకు ఇదొక ఓదార్పు.

పిల్లకు ఏమని బుద్ధి చెప్పాలా అని ఆలోచించుకుంటూ నడుస్తున్నానా, నాకు అడుగడుగునా ఆ జల్సారాయుళ్లే ఎదురవుతున్నారు! అసలీ ఊరు పుట్టుకే ఒక దుడుకు కుర్రవాడి కథ గదా. చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580 నుంచి 1612 దాకా ఏలాడు. వానమీదా, వసంతంమీదా, తన ప్రియురాళ్లమీదా దక్కనీలో కవితలల్లిన రసికుడు. ఉర్దూలో తొలి దివాను ఆయనదేనంటారు. యువరాజుగా ఉన్న రోజుల్లో మూసీ పొంగి పారుతుంటే లెక్కచేయక గుర్రాన్ని నీళ్లలోకి దూకించి, చిచ్లం అనే పల్లెలో ఉన్న భాగమతి కోసం వెళ్లాడనీ, కొడుకు ప్రాణానికి హడలిన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా పురానాపూల్ కట్టించాడనీ కథ. ఆ చిచ్లం ఈ చార్మినారు, షాలిబండ ప్రాంతమేనని పెద్దలు చెబుతారు.

లెక్క వేసి చూస్తే చిక్కు వస్తుంది. వంతెన కట్టింది 1578లో. అప్పటికి రాకుమారుడికి పన్నెండో పదమూడో ఏళ్లు! మొగలుల కాలపు చరిత్రకారుడు ఫెరిస్తా భాగమతిని పేర్కొన్న మాట నిజమే. కాని హరూన్ ఖాన్ షేర్వాణీ వంటి చరిత్రకారులు అసలామె ఉన్నదా అని సందేహించారు. కుతుబ్‌షాహీల సమాధుల్లో ఆమె పేరిట ఒక్క గోరీ కూడా లేదు. అయినా ఆ కథ చచ్చిందా? లేదు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోతే, నదికి ఇవతల కొత్త ఊరు కట్టుకున్నారని చెప్పండి, వినేవాడు ఆవలిస్తాడు. ఒక యువకుడు ఒక పిల్ల కోసం వరదలో దూకాడని చెప్పండి, ముసలమ్మ కూడా మాల కట్టడం ఆపి వింటుంది.

ఇక్కడికి దగ్గరలోనే హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరిట మహంకాళి గుడి ఉంది. ఆ సోదరులను మంత్రులుగా పెట్టుకున్న తానీషా మాత్రం తక్కువవాడా! విలాసపురుషుడని పేరు. 1687లో ఔరంగజేబు సేనలు కోటలో జొరబడుతున్నాయని తెలిసినా తొణక్కుండా భోజనం ముగించి లేచాడని చెబుతారు. రామదాసును చెరలో పెట్టిన రాజు గదా అని మనవాళ్లు కోపగించుకోవాలి. కాని కథలో రామలక్ష్మణులు ఆయనకే దర్శనమిచ్చి బాకీ తీర్చిపోయారు! జల్సారాయుడంటే మన జనానికి ఎక్కడో ఒక మూల దయ ఉంది సుమా, అనుకున్నాను.

ఇల్లు చేరేసరికి అత్తమ్మ అరుగుమీద కూర్చుని బోనం కుండకు పసుపు పూస్తున్నది. డెబ్భై దాటినా చెయ్యి వణకదు. "వచ్చినవా కోడలా! కాళ్లు కడుక్కో. లోపల ముద్దాయి ఉన్నది" అంది నవ్వుతూ. ముద్దాయి మూతి ముడుచుకుని కూర్చుంది. బావ నాకు కుర్చీ వేసి, తాను జడ్జీగారిలా ఎదురుగా కూర్చున్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడు నాకు నిగమశర్మ అక్క గుర్తుకొచ్చింది. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో ఆమె కూడా నాలాగే పిల్లాజెల్లాతో పుట్టింటికొచ్చి, చెడు తిరుగుళ్లు తిరిగే తమ్ముడికి బుద్ధి చెప్పబోయిన మనిషే. తమ్ముడు అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. ఒక రాత్రివేళ ఇంట్లో నగలన్నీ మూటగట్టుకొని ఉడాయించాడు. వాటిలో అక్కగారి ముక్కర కూడా ఉంది. ఆ ముక్కర కోసం ఆవిడ పడే దుఃఖం చదివి నాలుగు శతాబ్దాలుగా తెలుగువాళ్లు నవ్వుకుంటూనే ఉన్నారు. నేనూ ఇరవయ్యేళ్లుగా ఆ పాఠం చెప్పి పిల్లల్ని నవ్విస్తూనే ఉన్నాను.

"బావా! ముందు నా తప్పు ఒప్పుకోనీ. తిరుగుబోతు హీరోలు ఇంగ్లీషువాడి సరుకు కాదు. మన కావ్యాల నిండా వాళ్లే" అన్నాను. బావ తెల్లబోయాడు. పిల్ల తలెత్తింది.

నిగమశర్మ సంగతి చెప్పాను. అంత చేసినవాడు చివరికి పుణ్యక్షేత్రంలో ప్రాణం విడిచినందుకు విష్ణుదూతలు వచ్చి ఎత్తుకుపోయారు! ఇబ్రహీం కుతుబ్‌షా ఆదరించిన కందుకూరి రుద్రకవి నిరంకుశోపాఖ్యానం అని కావ్యమే రాశాడు. అందులో నిరంకుశుడు పేరుకు తగ్గవాడే. గుళ్లో సాక్షాత్తు శివుడితో జూదమాడి గెలిచి, పందెం కింద రంభను పుచ్చుకున్నాడు. ఈ పద్యాలు పరీక్షల్లో వస్తాయి, మార్కులు పడతాయి, కనుక ఎవరూ దుప్పటి ముసుగులో చదవరు.

పిల్లకు ధైర్యమొచ్చింది. "చిన్నమ్మా, నేను చదివేదాంట్ల కూడ చెడ్డగ ఏం ఉండదు. ఆయన ఎవరి మాట వినడు. ఆఖరికి ఆమె మాట ఒక్కటే వింటడు" అంది. ఆ నవలల వంశవృక్షం కాస్త నాకూ తెలుసు. జార్జెట్ హేయర్ అనే ఆవిడ 1935లో రాసిన రీజెన్సీ బక్ మొదలుకొని, 1810 ప్రాంతపు లండన్ ప్రభువుల కథలు ఒక పెద్ద పాయగా పారుతున్నాయి. జూలియా క్విన్ 2000లో రాసినదాన్ని 2020లో తెరమీదికెక్కించాక మన ఆడపిల్లలంతా ఆ డ్యూకుల వెంటబడ్డారు. జూదం, మద్యం, అపకీర్తి, చక్కటి కోటు. నాలుగు వందల పేజీల చివర పశ్చాత్తాపం, పెళ్లి.

"ఆ డ్యూకుల కాలంలోనే మన కోఠీలో ఏం జరిగిందో తెలుసా?" అని అడిగాను. తెలియదంది. ఆ రెసిడెన్సీ భవనంలో 1949 నుంచీ ఆడపిల్లల కాలేజీ ఉంది, అది 2022లో మహిళా విశ్వవిద్యాలయమయింది కూడా. ఆ మెట్లమీద ఫొటోలు దిగిన అమ్మాయిలకే ఆ కథ తెలియదు. కంపెనీవారి రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు దుస్తులు తొడుక్కుని, హుక్కా పీలుస్తూ, ఇక్కడి గొప్పింటి పిల్ల ఖైరున్నీసాను మతాచారం ప్రకారం పెళ్లాడాడు. అందమైన నవలే. కాని నవల అక్కడ ఆగలేదు. 1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఆ ఏడే ఆయన కలకత్తాలో చనిపోయాడు. తరువాత ఆయన కింద పనిచేసిన హెన్రీ రసెల్ అనే దొర ఆమెకు దగ్గరయ్యాడు. ఆమె మన మచిలీపట్నంలో ప్రవాసముంటూ ఆయన కోసం ఎదురుచూస్తుంటే, ఆయన మద్రాసులో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఖైరున్నీసా 1813లో చనిపోయింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. జేన్ ఆస్టిన్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అచ్చయింది కూడా ఆ ఏడాదే. 2002లో విలియం డాల్రింపుల్ ఆమె కథను గ్రంథంగా రాశాకగాని చాలామందికి ఆమె పేరైనా తెలియలేదు.

పిల్ల మాట్లాడలేదు. బావకు మాత్రం ముఖం వికసించింది. "చూసినవా? గందుకే వద్దంటున్న" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు అరుగుమీది నుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"నేను చదవలేదార్రా? నేను చెడిపోయిన్నా?"

చేతులు కడుక్కొని లోపలికి వచ్చింది. మాట్లాడకుండా కుట్టుమిషను సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన పుస్తకమొకటి తీసి నా ఒళ్లో పెట్టింది. అట్ట పోయింది. లోపలి పేజీమీద ఊదారంగు రబ్బరుముద్ర, అద్దె పుస్తకాల షాపుది. అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి.

బాపిరాజుగారు (1895–1952) భీమవరం తాలూకా మనిషి అయినా, 1940లలో మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులుగా ఇదే హైదరాబాదులో ఉన్నారు. చిత్రకారులు కనుక గుర్రాన్ని వర్ణించినా బొమ్మ గీసినట్టే ఉంటుంది. ఆయన గన్నారెడ్డి కాకతీయ రుద్రమదేవి కాలపు గజదొంగ. అన్నాంబిక పెళ్లి జరుగుతుంటే పెళ్లికొడుకునే ఎత్తుకుపోతాడు. పోనుపోను ఆ దోపిడీలన్నీ రుద్రమ రాజ్యాన్ని నిలపడానికేనని తేలుతుంది. చరిత్రలో దొరికే గోన గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు. రాయచూరు కోటలోని పొడుగాటి రాతిమీద 1294 నాటి శాసనంలో ఆయన పేరుంది. శాసనంలో ఉన్నది అధికారి. ఆడవాళ్ల మనసు దోచిన గజదొంగ బాపిరాజుగారి సృష్టి. 2015లో వచ్చిన రుద్రమదేవి చిత్రంలో ఆయనకు తెలంగాణ మాట కూడా అబ్బి, హాళ్లలో ఈలలు మోగాయి.

"అప్పట్ల గల్లీ మొగదల అద్దెపుస్తకాల దుకాణం ఉండె. రోజుకు పావలా" అంది అత్తమ్మ. "పగలంత జాకెట్లు కుట్టేది, రాత్రి చదివేది. ఈ దొంగ ఉన్నడు చూడు, రాజులకు తలవంచడు, సామంతులకు తలవంచడు. గా పిల్ల ఒక్క మాటంటే ఆగుతడు. గదే కథ. మీ మామ దానికి తలకిందులు. బయట అందరికి తలవంచేటోడు. ఇంట్లనే వంచకపోయేటోడు."

మామ నాకు బాగా గుర్తు. ఇస్త్రీ చెడని తెల్ల లాల్చీ, అత్తరు వాసన, నోటినిండా షాయరీలు. గుర్రప్పందాలలో గెలిచిన రోజు మా పిల్లలందరికీ కలాకంద్ తెచ్చేవాడు. ఓడిన రోజుల్లో ఏం తెచ్చేవాడో మాకు తెలియదు. మమ్మల్ని ముందే నిద్రపుచ్చేవారు. మా దృష్టిలో ఆయనంత సరదామనిషి లేడు.

"గీ పుస్తకం తెచ్చుకున్న వారమే, 1985ల, నా కమ్మలు, ముక్కుపుల్ల తీస్కపోయి కుదువ పెట్టిండు. మా అమ్మ పెట్టిన ముక్కుపుల్ల. మల్ల రాలే. మిషను గూడ తీస్కపోతుంటే అడ్డం కూసున్న. తెల్లారి పుస్తకం వాపసు ఇద్దామని పోయిన. గల్లీల నిలవడ్డ. ఇంట్ల నాది అనేది ఒక్కటన్న ఉండాలె అనిపించింది. తిరిగొచ్చిన."

ఎవరమూ మాట్లాడలేదు. పిల్ల మెల్లగా అడిగింది: "నానమ్మా, మల్ల గింత జరిగినంక గూడ గీ దొంగ నీకెట్ల నచ్చిండు?"

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "నవలల దొంగ ఆఖరి పేజీల మారుతడు బిడ్డా. మారకుంటే షాపుల ఇచ్చేసి ఇంకో బుక్కు తెచ్చుకుంటం. మొగణ్ని ఇచ్చేటందుకు దుకాణం లేదు. గీ రెండు ఒకటి కాదని తెలిసినోళ్లు ఎన్ని చదివినా ఏం గాదు. తెలవనోళ్లు చదవకున్నా మునుగుతరు. నేను పెండ్లి చేసుకున్ననాడు ఒక్క నవల గూడ చదవలే మరి!"

ఇన్నేళ్ల నా పాఠాలలో ఇంత తేలికగా చెప్పిన మాట ఒక్కటీ లేదు. పుస్తకాలు చదివి పిల్ల చెడుతుందని బావ భయం. చరిత్ర చెప్పి భయపెడదామని నా ఎత్తు. ఇద్దరమూ పిల్లను అడగవలసిన ప్రశ్న ఒకటుంది, అది అత్తమ్మే అడిగింది: "నీ డ్యూకు గట్లనే ఉండని. బయట ఎవడన్న గట్ల ఉన్నడా?"

పిల్ల తల దించుకుంది. ఉన్నాడట. కాలేజీలో సీనియరు. అందరితో గొడవ పడతాడు, తనతో మాత్రం మెత్తగా ఉంటాడట. నెలకిందట ఫీజు కట్టాలని తన గొలుసు అడిగాడట. ఇంకా ఇవ్వలేదట. ఇవ్వాలా వద్దా అని నెలరోజులుగా ఆలోచిస్తున్నదట. బావ దిగ్గున లేవబోతే అత్తమ్మ చేయి పట్టుకొని కూర్చోబెట్టింది. "అరవకు. ఇంక ఇవ్వలేదన్నది గదా" అంది.

సాయంత్రం వేపమండల కోసమని ముగ్గురు ఆడవాళ్లమూ బయలుదేరాం. అత్తమ్మ పుస్తకం కూడా పట్టుకుంది. నలభై ఏళ్ల బాకీ, ఇవాళ తీర్చేస్తానంది. అద్దె పుస్తకాల దుకాణమున్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నడిపేది ఆనాటి యజమానిగారి అబ్బాయే. పిల్ల దారిలోనే లెక్క కట్టేసింది: రోజుకు పావలా, ఏడాదికి తొంభై ఒక్క రూపాయి పావలా, నలభై ఏళ్లకు మూడువేల ఆరువందల యాభై రూపాయలు. అత్తమ్మ చెంగు ముడి విప్పబోయింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మా నాయన దుకాణం మూసేసిననాడు బుక్కులన్ని కిలోల లెక్క అమ్మినం. మీ దగ్గర ఒక్కటి బతికింది. గది చాలు" అన్నాడు. ఆ ముద్రను వేలితో తడిమి, ఫోనుతో ఫొటో తీసుకుని, పుస్తకం తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు బోనం. లాల్‌దర్వాజా గల్లీల్లో ఆ రోజు ఇసుక వేస్తే రాలదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద పట్నాన్ని ముంచినప్పుడు, ఆరో నిజాము మహబూబ్ అలీ పాషా ఈ సింహవాహినికి మొక్కి, నదికి పసుపు కుంకుమలు సమర్పిస్తే వరద తగ్గిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. పాషా గురించి కూడా షోకులూ వేటలూ అంటూ ఎన్నో కథలు. అయినా అమ్మవారి ముందు వంగినవాడని జనం ఆయన్ని మనసులో పెట్టుకున్నారు. అత్తమ్మ చెప్పిన సూత్రమే మళ్లీ: ఎవరికీ వంగనివాడు ఒక్కచోట వంగాలి. కథకు అది చాలు. కాపురానికి మాత్రం చాలదు. అక్కడ ప్రతిరోజూ వంగాలి.

డప్పుల మోతలో పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎగురుతుంటే, వెనక అత్తమ్మ నెత్తిన బోనం, దాని మీద దీపం, చుట్టూ వేపాకు. పక్కన పిల్ల నడుస్తున్నది. మెడలో గొలుసు ఉంది. నేను గమనించానని అది గమనించి, నవ్వింది. గుడి ముందు వరుసలో నిలుచున్నప్పుడు నా చెవిలో, "చిన్నమ్మా, వద్దని మెసేజ్ పెట్టిన. కోపమొచ్చి నా నంబరు బ్లాకు చేసిండు. ఒక్క మాటకే పోయిండు" అంది. కళ్లు తడిగానే ఉన్నాయి. ఏదో ఒకటి పోయినప్పుడు ఏడవడం సహజం. ముక్కుపుల్ల పోకుండా ఏడ్చింది గనుక నేను ఊరుకున్నాను.

గన్నారెడ్డి ఇప్పుడు పిల్ల దగ్గరే ఉన్నాడు. దుప్పటి ముసుగు అక్కర్లేకుండా, అరుగుమీద కూర్చుని చదువుతున్నదట. అర్థం కాని మాటలకు నాకు ఫోను చేస్తుంది. డ్యూకులను కూడా మానలేదు. మానమని మేమూ అనలేదు.

సెలవులయ్యాక కాలేజీకి వెళ్లాను. ఆ వారమే నిగమశర్మ పాఠం. ముక్కర పోయిందని అక్కగారు వాపోయే పద్యం వచ్చింది. అలవాటు ప్రకారం పిల్లలు నా ముఖంలోకి చూశారు, నవ్వవలసిన చోటు వచ్చిందని. ఈసారి నేను నవ్వించలేదు. "ఆ ముక్కర ఎవరు పెట్టిందో, అది పోతే ఆవిడకు తనదని ఇంకేం మిగిలిందో ఆలోచించండి" అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ఊరికే ఒకసారి తన కమ్మ తడిమి చూసుకుంది.